మోసుకొని వెళ్ళిన చేతులు



ఈ దినము మన ధ్యానము కొరకు మార్కు సువార్త 2వ అధ్యాయము, మొదటి పన్నెండు వచనములు తీసుకుందాం. కపెర్నహూములో పక్షవాయువు గల ఒక మనిషి ఉన్నాడు. తనంతట తాను యేసు దగ్గరకు రాలేడు. నలుగురు అతణ్ణి మోసుకొని వచ్చారు. జనం వలన దారి దొరకకపోతే ఇంటి కప్పు విప్పి దింపారు. ప్రియులారా, ఆ నలుగురి పేర్లు మనకు తెలియవు. ఏ పని చేసేవారో, ఎంత సంపాదించారో తెలియదు. వాళ్ళు మోశారు అన్న ఒక్క సంగతి మాత్రం నిలిచింది.

ఈ భాగం చదివినప్పుడెల్లా అమెరికాలో ఆడపిల్లలు ఆడిన ఒక ఆట నాకు జ్ఞాపకం వస్తుంది. ఆ ఆట పేరు సాఫ్ట్‌బాల్. మన పిల్లలకు క్రికెట్ తెలుసు గనుక దానితో పోల్చి చెబుతాను. క్రికెట్‌లో సిక్సర్ కొడితే పరుగెత్తనక్కర లేదు. సాఫ్ట్‌బాల్‌లో బంతిని కంచె దాటించినా, నాలుగు బేస్‌లనూ వరుసగా తాకి రావాలి. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు. మొత్తం చుట్టు 240 అడుగులు. దాన్నే హోమ్ రన్ అంటారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్లెన్స్‌బర్గ్ అనే పట్టణం ఉంది. అక్కడి సెంట్రల్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం జట్టులో మాలరీ హోల్ట్‌మన్ అనే అమ్మాయి ఆడేది. తన కళాశాలలోనే కాదు, వాళ్ళ పోటీల కూటమి అంతటిలోనూ అత్యధిక హోమ్ రన్‌ల రికార్డు అప్పట్లో ఆమెదే. 2008 ఏప్రిల్ 26న వెస్టర్న్ ఆరెగన్ జట్టు అక్కడికి ఆడటానికి వచ్చింది. మాలరీకి అది చదువు ముగిసే సంవత్సరం. ఆ ఆట గెలిస్తేనే ఆమె జట్టుకు ముందుకు వెళ్ళే ఆశ ఉంది.

ఎదుటి జట్టులో సారా టుకోల్‌స్కీ అనే చిన్న ఆకారపు అమ్మాయి. ఆమెకూ అది చివరి సంవత్సరమే. హైస్కూల్లో గాని కళాశాలలో గాని అంతవరకు ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. ఆ రోజు బంతి కంచె దాటింది! ఆ సంతోషంలో మొదటి బేస్ తాకడం మరచి ముందుకు పోయింది. గుర్తొచ్చి వెనక్కి తిరగబోతుంటే కుడి మోకాలి లిగమెంట్ తెగింది. పాక్కుంటూ వచ్చి మొదటి బేస్‌ను పట్టుకుంది. ఇక లేవలేదు.

సొంత జట్టువాళ్ళు ముట్టుకుంటే ఆమె అవుట్. ఆమె బదులు మరొకరిని పంపితే హోమ్ రన్ లెక్కకు రాదని అంపైర్లు చెప్పారు. నిజానికి గాయపడినప్పుడు మరొకరిని పరుగెత్తించవచ్చనే నియమం ఉందని తర్వాత తేలింది. కాని ఆ ఘడియలో ఎవరికీ అది తట్టలేదు.

అప్పుడు మొదటి బేస్ దగ్గర నిలబడిన మాలరీ ఒక ప్రశ్న అడిగింది. మేము మోసుకెళ్ళవచ్చునా? ఎదుటి జట్టువాళ్ళు మోయకూడదని ఏ నియమమూ లేదు. మాలరీ, ఆమె తోటి క్రీడాకారిణి లిజ్ వాలెస్ కలిసి సారాను చేతుల మీద ఎత్తుకున్నారు. ప్రతి బేస్ దగ్గర ఆగి, వంగి, సారా ఎడమ పాదాన్ని మెల్లగా ఆనించారు. తమ మీద పరుగు లెక్కించే చోటికి తామే మోసుకెళ్ళారు. ఆ ఆట మాలరీ జట్టు 4-2 తేడాతో ఓడిపోయింది.

ఇప్పుడు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను వేదాంత కళాశాలలో చదివే రోజుల్లో, నా గదిలో ఉండే సహోదరుడు పరీక్షల ముందు జ్వరంతో పడ్డాడు. గ్రీకు నోట్సు చదివి వినిపించమని అడిగాడు. నాకు టైము లేదన్నాను. నిజానికి అతను నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటాడని నా భయం. ఆ సంవత్సరం నాకే ఎక్కువ వచ్చాయి. ఎన్ని వచ్చాయో ఈ రోజు నాకు గుర్తు లేదు. మంచం మీద నుండి అతను నావైపు చూసిన చూపు మాత్రం గుర్తుంది.

ప్రియ శ్రోతలారా, కళాశాల దాటిన తర్వాత ఏమి మిగులుతుంది? సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు ఆట మీద బ్రతికే మార్గాలు చాలా తక్కువ. ఒలింపిక్స్‌లో సైతం 2008 బీజింగ్ తర్వాత 2012లోనూ 2016లోనూ ఆ ఆట లేదు. గొప్పగా ఆడినవాళ్ళలో కూడా చాలామంది పట్టా పుచ్చుకొని వేరే పని వెదుక్కోవలసిందే. మాలరీ ఏమి చేసింది? తాను ఆడిన కళాశాల జట్టుకే కోచ్ అయింది, తర్వాత హెడ్ కోచ్‌గా నడిపించింది. ఒకనాడు ఒక అమ్మాయిని చేతుల మీద మోసినామె, అటు తర్వాత ఎందరో అమ్మాయిల భారం భుజాన వేసుకుంది. ఆ ఏప్రిల్ దినాన చూపినది రెండు నిమిషాల మంచితనం కాదు, ఆమె వెళ్ళబోయే దారికి మొదటి అడుగు అని నాకనిపిస్తుంది. అదే 2008లో ఈఎస్‌పీఎన్ వారు ఇచ్చే ఎస్పీ అవార్డుల్లో ఉత్తమ ఘట్టంగా ఆ సంఘటనకు బహుమానం దక్కింది. ఆమె హోమ్ రన్‌ల లెక్క ఎంతమందికి తెలుసు? మోసిన సంగతి సముద్రాలు దాటి మన దాకా వచ్చింది.

తల్లిదండ్రులారా, సాయంకాలం పిల్లలు ఇంటికి రాగానే మార్కులెన్ని అని అడుగుతాం. అడగండి, తప్పు లేదు. దానితో పాటు, ఈ రోజు ఎవరికి సహాయం చేశావమ్మా అని కూడా అడగండి. యౌవనులారా, ఇంటర్వ్యూలో మీ పక్కన కూర్చున్నవాడు మీ పోటీదారుడే. అయినా అతని కాలు తడబడితే మీ చేతులు ఎక్కడ ఉంటాయి? ఒకరి భారం ఒకరు మోయడమే క్రీస్తు నియమమని పౌలు గలతీ సంఘానికి నేర్పాడు. ఆ మాట తోటి విశ్వాసికే చెల్లుతుందని, ఎదుటి జట్టుకు చెల్లదని మనం గీత గీయకూడదు.

ప్రార్థించుకుందాం. ప్రభువా, నడవలేని మమ్మును మోసిన దేవుడవు నీవే. మా పక్కన పడియున్నవారిని చూచే కన్నులు, వంగే నడుము మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.