ఆజ్ఞను కాదన్న మనిషి



పట్టాలు అందుకుంటున్న మీకు ఈరోజు లూయీ లెక్వాఁ గురించి చెప్పాలని వచ్చాను. 1888లో ఫ్రాన్స్‌లోని షేర్ జిల్లాలో, చదువురాని తల్లిదండ్రులకు పుట్టాడు. తోటమాలిగా, తర్వాత ప్రూఫ్ రీడర్‌గా బతికిన పొట్టి మనిషి. ఏ ప్రభుత్వం పెత్తనాన్నీ ఒప్పుకోని అరాచకవాది.

1910లో రైల్వే కార్మికులు సమ్మె కట్టారు. లెక్వాఁ అప్పుడు నిర్బంధ సైనిక సేవలో ఉన్నాడు. సమ్మెకారుల మీదికి వెళ్లమని ఆజ్ఞ వచ్చింది. వెళ్లనన్నాడు. ఆరు నెలల జైలు పడింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు, దాదాపు మీ వయసువాడే. అక్కడ మొదలై, ఎక్కువగా యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు మళ్లీ మళ్లీ పట్టుబడి, మొత్తం పన్నెండేళ్లు జైళ్లలో గడిపాడు. 1939లో తక్షణ శాంతి కోరుతూ కరపత్రం వేసి మళ్లీ లోపలికి వెళ్లాడు. ఎదురుగా హిట్లర్ ఉన్నప్పుడు ఆ కోరిక సరైనదని నేను అనుకోను. ఆయన ధైర్యాన్ని మాత్రం శంకించలేను.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆయన ముసలితనం. మనస్సాక్షి ఒప్పుకోక తుపాకి పట్టనన్న యువకులను ఫ్రాన్స్ అప్పట్లో జైల్లో వేసేది. శిక్ష ముగిసి బయటికి రాగానే మళ్లీ సైన్యంలోకి పిలుపు, మళ్లీ నిరాకరణ, మళ్లీ జైలు. వాళ్ల కోసం 1958లో లెక్వాఁ ‘లిబెర్తే’ అనే పత్రిక పెట్టాడు. రచయిత ఆల్బర్ట్ కామూ వంటివాళ్లు తోడు నిలిచారు. ఆ యువకుల కోసం చట్టం తెస్తామన్న ప్రభుత్వం రోజులు నెట్టింది. 1962 జూన్ 1న, 73 ఏళ్ల వయసులో, ఆయన ఆహారం మానేశాడు. పోలీసులు ఆసుపత్రిలో చేర్చినా దీక్ష విడవలేదు. ఆయనకు సైనిక సేవ వయసు ఎప్పుడో దాటిపోయింది. ఆ చట్టంతో తనకు ఒరిగేదేమీ లేదు. 22 రోజులకు ప్రధాని పాంపిడూ ప్రభుత్వం మాట ఇచ్చాక దీక్ష విరమించాడు.

1963 డిసెంబరులో చట్టం వచ్చింది. తుపాకి పట్టనన్నవాళ్లు జైలుకు బదులు పౌరసేవ చేయవచ్చు. కానీ సైనికుల కంటే రెట్టింపు కాలం చేయాలి. పైగా, సైనిక సేవ తప్పించుకోవడానికి ఈ హక్కు వాడుకోమని ఇతరులను పురికొల్పే ప్రచారం నేరమని ఆ చట్టంలోనే రాశారు! హక్కు ఇచ్చి నోరు కట్టేశారు.

మీలో న్యాయశాస్త్రం చదివినవాళ్లు, రేపు సచివాలయాల్లో ముసాయిదాలు రాయబోయేవాళ్లు ఆ చట్టాన్ని ఒక్కసారి తీసి చదవండి. ఒక ముసలాయన ప్రాణం పణంగా పెడితే ఎంత వచ్చిందో, అధికారుల కలం అందులోంచి ఎంత వెనక్కి లాక్కుందో, రెండూ అందులోనే కనిపిస్తాయి.