ల్యాప్‌టాపుపై టీ ఒలికినప్పుడు
(గ్రామ గ్రంథాలయములో గావించిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు పట్టణములలోని కచేరీలలోనే కానవచ్చిన ల్యాప్‌టాపు నేడు పల్లెటూళ్లలోని యిండ్లకును వచ్చినది. పిల్లల చదువులు, ఉద్యోగపు దరఖాస్తులు, పొలము లెక్కలు దానిలోనే యున్నవి. దానిని కొనుటకు ఎన్ని నెలలు కూడబెట్టవలసి వచ్చినదో ఆ యింటివారికే తెలియును. అట్టి యంత్రముపై గ్లాసెడు టీ ఒలికినచో ఏమి చేయవలెనో నేడు ముచ్చటించుకొందము.

గత వేసవిలో మా యింటనే యిట్లు జరిగినది. పరీక్షకు చదువుచున్న మా అమ్మాయి మోచేయి తగిలి గ్లాసు కీబోర్డుపై ఒరిగినది. మేము గుడ్డతో తుడిచి, పనిచేయునో లేదో యని వెంటనే మీట నొక్కి చూచితిమి. తెర వెలిగినది, సంతోషించితిమి. మరునాడు సగము అక్షరములు పడలేదు. సాయంత్రమునకు యంత్రమే ఆగిపోయినది. టీ చేసిన చెరుపు కన్న మా తొందర చేసిన చెరుపే యెక్కువ.

కారణ మేమన, టీలోని లవణముల మూలమున విద్యుత్తు పోరాని దారిని పోవును. తడిలో విద్యుత్తు ప్రవహించుచున్నంతసేపు సన్నని రాగి దారులు వడివడిగా చిలుము పట్టి తెగిపోవును. విద్యుత్తు ఆగినచో ఆ నాశము మిక్కిలి మందగించును.

కావున మొదట పొడిచేతితో గోడ స్విచ్చి ఆపి ఛార్జరు ఊడదీయవలెను. పవరు మీటను యంత్రము ఆరిపోవువరకు నొక్కి పట్టవలెను. పిదప మూత తెరచి, గుడిసె కప్పువలె బోర్లించి గుడ్డపై నిలుపవలెను. బ్యాటరీ పైకి వచ్చునదైనచో తీసివేయవలెను. లోపల నున్నచో, పని తెలిసినవారు అడుగు స్క్రూలు విప్పి, అన్నిటికన్న ముందు బ్యాటరీ తీగెను విడదీయవలెను. స్క్రూల పొడవులు వేరుగా నుండును; కాగితముపై బొమ్మ గీసి ఏ చోటిది ఆ చోట నుంచుట మేలు.

ఒలికినది మంచినీరైన ఆరబెట్టుట చాలవచ్చును. టీ, కాఫీ, పానకము అయినచో ఆరినను జిగురు మిగులును. 90 శాతమునకు తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో మెత్తని బ్రష్షు ముంచి, జిగురంటిన చోట్లను కడుగవలెను. అది మండు ద్రవము. పొయ్యి దరిదాపుల వాడరాదు, తెరకు తగులనీయరాదు. పిదప రెండు దినములు ఫాను గాలికి ఆరనిచ్చి, అటుపిమ్మటనే మీట నొక్కవలెను.

బియ్యములో పూడ్చుట వలన తవుడు లోనికి పోవుటయే గాని ప్రయోజనము లేదు. మండుటెండయు, వేడిగాలి యంత్రమును పనికిరావు. బ్యాటరీ ఉబ్బినను, వేడెక్కినను ఛార్జి చేయరాదు, గుచ్చరాదు, నిపుణునకు చూపవలెను. వారంటీ యున్నచో విప్పుటకు ముందే షరతులు చదువవలెను.

మా యంత్రము తిరిగి పనిచేయలేదు. కాని మరమ్మతు చేయు యువకుడు దానిలోని డిస్కును వేరుచేసి, అమ్మాయి రెండేండ్లుగా వ్రాసికొనిన పాఠములను దక్కించి యిచ్చెను. డిస్కు చెడిపోయియుండిన అవియు పోయియుండవచ్చును. అందువలన ముఖ్యమైన వాటికి వేరొక చోట నకలు ఉంచుకొనుడు. టీ ఒలికిన నాడు మీట ఆపుటకు తొందరపడుడు; తిరిగి నొక్కుటకు మాత్రము తొందరపడకుడు.