చెట్టు క్రింది బడి, ముల్తాన్ పట్వారి కొడుకు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, ఇంటి పన్నుల వసూలు - ఉదయము నుండి ఈ శిబిరమున మీరు వినుచున్న విషయములు ఇవి. ఇప్పుడొక జీవరసాయన శాస్త్రజ్ఞుని గురించి మాటలాడుదునన్నచో, ఈ ఉపన్యాసకుడు దారి తప్పి వచ్చినాడేమో యని మీలో కొందరు అనుకొనవచ్చును. నేను చెప్పబోవునది డాక్టర్ హరగోవింద ఖొరానా జీవితము. 1968లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకరు. కాని ఆయన కథ ప్రయోగశాలలో మొదలు కాలేదు. నూరుమంది జనముగల ఒక కుగ్రామములో మొదలయ్యెను. అందువలననే దానిని మీ ముందుంచుచున్నాను.

ఆ ఊరి పేరు రాయపూర్. అవిభక్త పంజాబులో, ముల్తాన్ ప్రాంతమున ఉండెడిది. 1947లో దేశ విభజన జరిగినప్పుడు పాకిస్తానులో చేరెను. తండ్రి గణపతిరాయ్ ఖొరానా ఆ ఊరి పట్వారి. తెలంగాణమున పూర్వము ఆ పేరుతోనే, కోస్తా జిల్లాలలో కరణము అను పేరుతోను మనమెరిగిన ఉద్యోగమే అది. భూముల లెక్కలు, శిస్తు పద్దులు వ్రాయుట ఆయన పని. అయిదుగురు సంతానములో కడగొట్టువాడు హరగోవిందుడు. కాగితములలో ఆయన జన్మదినము 1922 జనవరి 9 అని ఉన్నది. అది సరియైన తేదీ యని మాత్రము చెప్పుటకు వీలులేదు. ఊరి భూమినంతటిని లెక్క వ్రాసిన పట్వారి ఇంటనే బిడ్డ పుట్టిన దినము నిశ్చయముగా లేకపోయెను! జనన మరణముల నమోదును తేలికగా చూచు పంచాయతీలు ఎక్కడైన ఉన్నచో ఈ సంగతిని గమనింపవలెను.

ఆ నూరుమందిలో అక్షరము వచ్చిన కుటుంబము దాదాపుగా వారిదొక్కటే. తండ్రి కలవాడు కాడు. అయినను పిల్లలకు చదువు చెప్పించుటలో ఆయనకు గట్టి పట్టుదల ఉండెను. హరగోవిందుడు మొదటి నాలుగేండ్లును చెట్టు క్రింద కూర్చుండియే చదివెను. ఊరికి బడి యనిన అదియే. పెద్దవాడైన పిమ్మట తన బాల్యమును తలచుకొని ఆయన ఒక సంగతి చెప్పుచుండెడివారు. తెల్లవారకముందే లేచి ఏ ఇంటి నుండి పొగ వచ్చుచున్నదో చూచి, ఆ ఇంటికి పోయి నిప్పుకణిక అడిగి తెచ్చి, తమ పొయ్యి రాజేయుట ఆయన వంతు పని. మన పల్లెలలో అగ్గిపెట్టె కొనుట దుబారాగా తోచిన కాలము ఎరిగిన వృద్ధులకు దీనిని వివరింప నక్కరలేదు.

తరువాత ముల్తానులోని డి.ఏ.వి. ఉన్నత పాఠశాలలో చేరిరి. అక్కడ రతన్‌లాల్ అను ఉపాధ్యాయుని ప్రభావము ఆయనపై ఎక్కువగా పడెను. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున 1943లో బి.యస్సీ., 1945లో ఎం.యస్సీ. పూర్తిచేసిరి. రసాయన శాస్త్రమున చేర్చుకొనుటకు ముందు ముఖాముఖి పరీక్ష ఉండగా, సిగ్గుపడి ఆయన దానికి పోనేలేదట! అయినను చేర్చుకొనిరి. పల్లెటూరి పిల్లలు నలుగురిలో నోరు మెదపలేకపోయినంత మాత్రమున తెలివిలేనివారని తలంచుట తప్పు.

1945లో భారత ప్రభుత్వ విద్యార్థి వేతనముతో ఇంగ్లండు వెళ్ళి, 1948లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిరి. పిమ్మట స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున ప్రీలాగ్ అను ఆచార్యుని వద్ద సుమారు ఏడాది కాలము జీతము లేకుండ పనిచేసిరి. 1949లో స్వదేశమునకు వచ్చిరి. పుట్టిన ఊరు అప్పటికి పరదేశమైనది. కుటుంబము శరణార్థులై ఢిల్లీ చేరినది. అంత చదివి వచ్చినవానికి ఇక్కడ తగిన ఉద్యోగము దొరకలేదు. దీనికి ఎవరిని నిందింపవలెనో నేను చెప్పజాలను. దేశము చీలి అప్పటికి ఎంతో కాలము కాలేదు. లక్షలాది ప్రజలు నిలువ నీడలేక ఉండిరి. అయినను ఆ మాట తలచినప్పుడెల్ల మనసు కలుక్కుమనును. ఖొరానా తిరిగి ఓడ ఎక్కి కేంబ్రిడ్జి చేరిరి.

1952లో కెనడా దేశపు వాంకూవర్ నగరమున ఆయనకు పని లభించెను. అక్కడ సౌకర్యములు స్వల్పము. కోరిన పరిశోధన చేసికొను స్వేచ్ఛ మాత్రము పూర్తిగా ఉండెను. జీవకణములలో శక్తిని నిలువచేయు ఏ.టి.పి. అను పదార్థమును ప్రయోగశాలలో తయారుచేయు పద్ధతిని ఆయన అక్కడ కనుగొనిరి. ఆ ఏ.టి.పి.ని 1929లో మొదట గుర్తించినవారిలో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. ఆ కథ మరియొకప్పుడు చెప్పుకొందము.

1960లో ఖొరానా అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు మారిరి. బహుమతి తెచ్చిన పని అక్కడ జరిగెను. అదేమో చెప్పెదను. మన శరీరమును కట్టునవి మాంసకృత్తులు. అవి 20 రకముల ఎమినో ఆమ్లముల పూసలు గ్రుచ్చిన దండలు. ఏ పూస తరువాత ఏ పూస రావలెనో ఆ ఆజ్ఞ కణములోని న్యూక్లియిక్ ఆమ్లముపై వ్రాసి యుండును. ఆ వ్రాతకు అక్షరములు నాలుగే. రెండేసి అక్షరముల మాటలైనచో 16 మాత్రమే వచ్చును. 20 పూసలకు చాలవు. మూడేసి యైనచో 64 వచ్చును. అయితే ఏ మాటకు ఏ పూస?

మొదటి మాటను 1961లో నీరెన్‌బర్గ్, మత్తాయ్ అనువారు చదివిరి. ఖొరానా పట్టిన దారి వేరు. అక్షరముల వరుస తెలిసిన దండను తన చేతులతోనే కట్టి, దాని నుండి ఏ మాంసకృత్తు వచ్చునో చూచెను. మల్లెపువ్వు, కనకాంబరము ఒకదాని తరువాత ఒకటిగా కట్టిన మాలను తలచుకొనుడు. మూడేసి పూవుల చొప్పున విడదీసినచో మొదట మల్లె-కనకాంబరము-మల్లె, పిదప కనకాంబరము-మల్లె-కనకాంబరము. రెండే మాటలు మారి మారి వచ్చును. అట్లే ఆయన రెండు అక్షరములతో కట్టిన దండ నుండి సెరీన్, ల్యూసీన్ అను రెండు ఎమినో ఆమ్లములే మారి మారి వచ్చిన మాంసకృత్తు పుట్టెను. మాటకు అక్షరములు మూడేయన్న ఊహకు ఇది గట్టి సాక్ష్యమయ్యెను. ఇట్టి దండలు అనేకము కట్టి, ఇతర శాస్త్రజ్ఞుల పనితో కలిపి చూడగా, 64 మాటలలో 61 ఎమినో ఆమ్లములకును, 3 వాక్యము ముగియుటకును అని తేలెను. 1968 నాటి బహుమతిని ఖొరానా, నీరెన్‌బర్గ్, హోలీ అను ముగ్గురు పంచుకొనిరి. ఈ లిపి సూక్ష్మజీవి మొదలు వరి మొక్క వరకు, ఎద్దు మొదలు మనిషి వరకు ఇంచుమించు ఒక్కటే.

అంతటితో ఆయన ఊరకుండలేదు. 1970లో 77 జతల అక్షరములు గల ఒక జన్యువును రసాయనములతోనే కట్టి చూపిరి. 1976లో, తాము కట్టిన మరియొక జన్యువు సజీవ సూక్ష్మజీవిలో పనిచేసినదని ప్రకటించిరి. ఆ దారిని ఇతరులు ముందుకు నడిచిరి. 1978లో కృత్రిమముగా కట్టిన జన్యువులతో సూక్ష్మజీవులచేత మానవ ఇన్సులినును చేయించిరి. మీ ఊరిలో మధుమేహము గలవారు సూదితో వేసికొను ఇన్సులిను ఇట్టి విద్యవలన వచ్చినదే. 2020లో కరోనా పరీక్షకు ముక్కులో నుండి తీసిన నమూనాను శోధించుటకును, ప్రయోగశాలలో కట్టిన ఇట్టి చిన్న అక్షరమాలలే పనికివచ్చెను.

1966లో ఆయన అమెరికా పౌరులైరి. 1969లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదముతో గౌరవించెను. 2011 నవంబరు 9న మరణించిరి.

సభ్యులారా, రాయపూర్‌లో చదువు వచ్చిన ఇల్లు దాదాపు ఒక్కటే యని చెప్పితిని. ఆ ఇంటి నుండి ఇట్టివాడు వచ్చెను. తెల్లవారుజామున హరగోవిందునకు నిప్పుకణిక ఇచ్చిన ఇండ్లలోను పిల్లలుండిరి గదా! వారేమైరి? వారిలో ఎవ్వరి పేరును మనకు తెలియదు. ఖొరానా చరిత్ర చదివినప్పుడెల్ల నన్ను వేధించు ప్రశ్న ఇదియే.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము, తన పరిధిలో నివసించు 14 ఏండ్ల లోపు పిల్లలందరి వివరములు గల పట్టికను స్థానిక సంస్థ ఉంచవలెను. ఇటుక బట్టీలకు వలస వచ్చినవారి పిల్లలు, గొఱ్ఱెల వెంట పోవు పిల్లలు సైతము అందుండవలెను. మీ పంచాయతీలో అట్టి పట్టిక ఉన్నదా? ఉన్నచో కడపటిసారి ఎప్పుడు విప్పి చూచితిరి? అందులో పేరుండి బడిలో కనబడని పిల్ల ఎవరి ఇంటిది? మధ్యాహ్న భోజనమునకు ఇంకను అరగంట ఉన్నది. ఒక్కొక్కరుగా మీ ఊరి సంగతి చెప్పుడు, నేను వ్రాసికొందును.