విద్యానిధి వినియోగము



మన విద్యానిధినుండి పేద బాలబాలికలకు ప్రైవేటు పాఠశాలల బడిజీతములు చెల్లింపవలెనను ప్రతిపాదన యొకటి నేడీ సభయెదుట నున్నది. దాతల యుద్దేశము కొనియాడదగినదే. అయినను ముప్పదియేండ్లకు పైగా సర్కారుబడులలో సుద్దముక్క పట్టినవారము గనుక మాకు తోచిన మాట చెప్పక యుండజాలము.

ఈ ప్రశ్న నాటి యుమ్మడి యాంధ్రప్రదేశమునందే పరీక్షింపబడినది. 2008లో నారంభించి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను నర్థశాస్త్రవేత్తలు ఐదు జిల్లాలలోని 180 గ్రామములలో నీ పరీక్షను నడిపి 2015లో ఫలితములను ప్రకటించిరి. దరఖాస్తు పెట్టిన సర్కారుబడి పిల్లలకు చీట్లు వేసిరి. చీటి వచ్చినవారి ప్రైవేటు బడిజీతమును పథకమే భరించెను. చీట్లు వేయుటయే యిందలి కీలకము. ఏలయన, సాధారణముగా ప్రైవేటు బడికి బోవు బిడ్డ యింట చదివిన తల్లియో, ట్యూషనో, నాలుగు రూకలో ఉండును; ఆ మార్కులు బడి మహిమయో యింటి మహిమయో తేల్చుట దుర్ఘటము. చీటికి కులమును లేదు, ధనమును లేదు.

నాలుగేండ్ల పిమ్మట చూడగా తెలుగునందును గణితమునందును ఇరుతెగల పిల్లలకు చెప్పదగిన భేదము కానరాలేదు. హిందీయందు మాత్రము చీటివారు చాల ముందుండిరి. సర్కారు ప్రాథమికపాఠశాలలలో హిందీ చెప్పకుండుటయే యందుకు కారణము.

ఇంతమాత్రమున మా తోటి యుపాధ్యాయులు చంకలు గుద్దుకొనరాదు. ప్రైవేటు బడులు ఒక్కొక్క పిల్లవానిపై సర్కారు వెచ్చించుదానిలో మూడవవంతుకంటె తక్కువ వెచ్చించి, తెలుగు గణితములకు తక్కువ కాలమిచ్చియు, అంతే ఫలమును సాధించినవి. 2003లో దేశమున ముందు చెప్పక తనిఖీ చేయగా సర్కారు ప్రాథమికపాఠశాలల యుపాధ్యాయులలో నూటికి 25 మంది బడిలో లేరని తేలినది. ఆ లెక్క చదివిననాడు మేము తల దించుకొంటిమి.

దాతలకు పనికివచ్చు మఱియొక సంగతి. ఈ రాష్ట్రముననే కొన్ని బడులకు పుస్తకాదులకై సొమ్మిచ్చిరి. మొదటియేడు అనుకొనకుండ వచ్చినందున పిల్లల చదువు మెఱుగుపడెను. రెండవయేడు సొమ్ము వచ్చునని యెఱిగిన తలిదండ్రులు తాము కొనునవి తగ్గించిరి, ఫలము కానరాకపోయెను. సంచులు పంచుచు ఛాయాచిత్రములు తీయించుకొను మన యలవాటును గూర్చి ఇంతకంటె చెప్పము. అదనముగ నొక ఒప్పందపు ఉపాధ్యాయుని నియమించిన 100 బడులలోనో, రెండేండ్లకు పిల్లలు గణితమునను భాషయందును ముందంజ వేసిరి.

కావున మా మనవి యిది. నిధిలో సగమైనను పల్లెల కీయుడు. ఊరనున్న చదువుకొన్న యువతి నొకతెను నియమించి, కూడిక తీసివేతలు రాని పిల్లలకు సాయంకాలము రెండుగంటలు చెప్పింపుడు. మన పిల్లల ప్రక్కన ఇతర కులముల పిల్లలు వచ్చి కూర్చుండిన వారిని లేపవలదు. ఈ కడపటి మాటకు సభ్యులలో కొందఱు సమ్మతింపరని మేమెఱుగుదుము. వారి వాదమును సాయంకాలపు సభలో వినుటకు సిద్ధముగ నున్నాము.