ఎడింబరో రాజవీథిలో అన్నపానములు

దత్తమండలములలో మన్రో దొర పేరు వినని వృద్ధులుండరు. 1800 మొదలు 1807 వఱకు మన సీమకు కలెక్టరుగా నుండి, 1827వ సంవత్సరమున పత్తికొండలో విషూచిచే మరణించిన ఆ థామస్ మన్రో ఇంగ్లండువాడు కాడు. 1761లో స్కాట్లండు దేశమందలి గ్లాస్గో పట్టణమున జన్మించినవాడు. మన గ్రామముల కైఫీయతులను సేకరింపించిన కర్నల్ మెకంజీయు నా దేశమువాడే. ఇట్టివారిని కన్న దేశమున జనులేమి తిందురో, ఏమి త్రావుదురో యని నాకు చిన్ననాటనుండియు నొక కుతూహలము. క్రిందటి యేడు మా కుమార్తె యింట నుండుటకై ఎడింబరో నగరమునకు పోయినప్పు డది తీరినది.

అచ్చట నొక వాడుక గలదు. పదిమందో పండ్రెండుమందో యాత్రికులు ఒకచోట గూడుదురు. ఊరి చరిత్ర మెఱిగిన మార్గదర్శి యొకరు వారిని కాలినడకను వీథులవెంట త్రిప్పుచు, ఒక్కొక్క అంగడిలో ఒక్కొక్క వంటకమును రుచి చూపించి దాని కథ చెప్పుదురు. రుసుము కొంచెము కాదు. మోకాళ్ళనొప్పులు గలవారు చేతికఱ్ఱ మఱువరాదు. ఏలననగా నా వీథి రాళ్ళు పఱచిన యేటవాలు.

కొండమీది కోటనుండి దిగువనున్న హోలీరూడ్ రాజభవనము వఱకు పోవు ఆ వీథికి రాయల్ మైల్ అని పేరు. నిడివి మైలునకు కొంచె మెక్కువ. దాని కిరుప్రక్కల సన్నని సందులు క్రిందికి దిగుచుండును. మాంసపు సంత సందు, చేపల సంత సందు అని యర్థమిచ్చు పేళ్ళు నేటికిని వాని మొగల గోడలపై వ్రాసియున్నవి. ఊరివా రెచ్చట నేమి కొనిరో ఆ పేళ్ళే చెప్పును.

మా మార్గదర్శి ముప్పదియేండ్ల యువతి. తొలుత మాకు ఓట్సు జావ పోయించెను. గోధుమ సరిగా పండని చలినేలలో, వానలు మెండై యెండ కొఱవడినచోట, పండునది ఓట్సు. దాని పిండిని నీటిలో మరగించుచు, ఉప్పువేసి, స్పర్టిల్ అను గుండ్రని కఱ్ఱతో ఉండకట్టకుండ కలుపుదురు. మన సంకటికట్టెకు అది చెల్లెలు. 1755లో ఆంగ్లనిఘంటువును వెలువరించిన డాక్టరు జాన్సన్ ఈ ధాన్యమును వివరించుచు, ఇంగ్లండున గుఱ్ఱములు మేయుదానిని స్కాట్లండున మనుష్యులు తిందురని యెత్తిపొడిచెను. ఆ యువతి యీ సంగతిని నవ్వుచు, ఏమాత్రము చిన్నబోక చెప్పెను.

నాకు మాత్రము జావ గొంతు దిగలేదు. నేను బడిపంతులుగా కుదిరిన తొలినాళ్ళలో సేద్యగాని కొడుకొకడు రాగిసంకటి ముద్దను గుడ్డలో కట్టి తెచ్చుకొని, తోడిపిల్లలు నవ్వుదురని బడిగోడ వెనుకకు పోయి తినెడివాడు. నేను నవ్వలేదు, నవ్వినవారిని మందలింపను లేదు. కొన్నినాళ్ళకు వాడు ముద్ద తెచ్చుట మాని మధ్యాహ్నము పస్తుండ నారంభించెను. అదియు నే నెఱుగుదును.

పిమ్మట హాగిస్. గొఱ్ఱె గుండెకాయను, కార్జమును, ఊపిరితిత్తులను ఉడికించి సన్నగా తఱిగి, ఓట్సుపిండి, ఉల్లి, కొవ్వు, మిరియములు చేర్చి, ఆ గొఱ్ఱె పొట్టసంచిలోనే కూరి మఱల నుడికింతురు. గొఱ్ఱెను కోసినపుడు వెంటనే చెడునవి యీ భాగములే. పేదవాడు దేనిని పాఱవేయగలడు? రాబర్ట్ బర్న్స్ అను కర్షకకవి 1786లో ఎడింబరోనకు వచ్చి యీ వీథిలోనే బసచేసెను. ఆ సంవత్సరమే యతడు హాగిస్‌ను సంబోధించి యొక పద్యకృతి ప్రకటించెను. అతని జన్మదినమగు జనవరి 25వ తేదీ రాత్రి విందులలో ఆ పద్యములను చదువుచుండగనే హాగిస్‌ను కత్తితో చీల్చుదురు. పద్యము చదువనిదే వడ్డన లేని పంక్తి నాకు మిక్కిలి నచ్చినది.

నేను శాకాహారిని. లేచిపోవుదునేమో యని మా కుమార్తె నా ముఖమునే చూచుచుండెను. కాని 1984లో ఎడింబరోలోని మాక్స్వీన్ అను మాంసపు వర్తకుల కుటుంబమే పప్పుగింజలతోను కూరగాయలతోను మాంసము లేని హాగిస్‌ను చేసి యమ్మకమునకు పెట్టెను. నా కదియే పెట్టిరి. మిరియపుఘాటుతో, మన గుగ్గిళ్ళకును ఉప్మాకును నడుమనున్న రుచి. రెండును ఒకే పాత్రలో వండిరా యని యడుగబోయి ఊరకుంటిని. ఈ మాట యింటిలో నింకను చెప్పలేదు.

దానిప్రక్కన టర్నిప్ దుంపను, ఉర్లగడ్డను మెదిపి పెట్టుదురు. ఉర్లగడ్డ కథ నవ్వుచు చెప్పదగినది కాదు. ఉత్తరపు కొండసీమలలో భూస్వాములు గొఱ్ఱెలమందలకై రైతులను మంచినేలలనుండి వెడలగొట్టిరి. సముద్రపుటొడ్డున చాలీచాలని మళ్ళలో వారికి మిగిలిన యాధార మీ దుంప యొక్కటే. 1846లో తెగులు తగిలి పంట నేలలోనే క్రుళ్ళెను. వేలాది జనులు ఓడలెక్కి కెనడాకును ఆస్ట్రేలియాకును పోయిరి. మన డొక్కల కరవు సంగతి పెద్దలవలన విన్నవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

చివర విస్కీ. 1494 నాటి రాజుగారి లెక్కలలో జాన్ కార్ అను సన్న్యాసికి సారా కాచుటకై యవల నిచ్చినట్లున్నది. మొలకెత్తించిన యవలను ఆరబెట్టునపుడు, బురదనేలలనుండి త్రవ్వితీసిన పీట్ అను నల్లని మంటిగడ్డల పొగ కొన్నింటికి పట్టింతురు. కాచి దింపినదానిని ఓకుకొయ్య పీపాలలో మూడేండ్లకు తక్కువగాక నిలువయుంచవలెనని శాసనము. ఏటేట నూటికి సుమారు రెండుపాళ్ళు గాలిలో కలిసిపోవును. దానిని దేవదూతల భాగమందురు. మన హవిర్భాగమువంటిదే యనుకొంటిని గాని, యీ హవిస్సు నేను ముట్టలేదు, నీళ్ళు త్రావితిని.

ఇంత సొగసుగా వర్ణించుచున్నారే, దీనివలన కూలిన కాపురములు మీకు లేవా యని యడిగితిని. తక్కినవారు నావైపు తిరిగి చూచిరి. ఆమె గ్లాసు బల్లపై నుంచి, లేకేమి, పెక్కు గలవని చెప్పెను. చౌకమద్యము జనులను చంపుచున్నదని 2018 మే నెలనుండి కనిష్ఠవెల నిర్ణయించి, అంతకు తక్కువకు అమ్మరాదని వారి ప్రభుత్వము శాసించినదట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా నెదిరించి లేచిన సంగతి నేను చెప్పితిని. ఆమె శ్రద్ధగా వినెను.

విడిపోవుచుండగా, మీ సీమలో పేదల తిండి యేది యని ఆమె నన్నడిగెను. రాగిపిండిని ఎసటిలో పోసి, కట్టెతో గెలికి, ముద్దచేయు విధము వివరించితిని. దానిని రుచిచూపించుటకు ఇట్టి నడకయాత్రలు మీ యూళ్ళలో గలవా యనెను. మావైపు నే నెఱుగననియంటిని. సంకటి యను మాటను నాచేత మూడుమార్లు పలికించి, తన చిన్నపుస్తకములో వ్రాసికొనెను.