నీటి వెంట ఒక రోజు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



మనం ప్రయాణాలు చెయ్యనివాళ్ళమేం కాదు. పుట్టింటికి వెళతాం, పెళ్ళిళ్ళకు వెళతాం, మొక్కులు తీర్చుకోవటానికి తిరుపతో అన్నవరమో వెళతాం. కాని అన్నిట్లోనూ సామాన్లు లెక్కపెట్టుకోవటం, పిల్లలకు పాలు, పెద్దలకు మందులు చూసుకోవటంతోనే సరిపోతుంది. దారిలో గోదావరి వంతెన వస్తే కిటికీలోంచి ఓ రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకుంటాం. ఆ వంతెన దాటాక గోదారమ్మ ఎటు వెళుతోంది, ఎవరి గుమ్మంలోకి వెళుతోంది అని ఆలోచించే తీరిక మనకెక్కడ?

అందుకే ఈవేళ ఒక చిన్న ప్రయాణం గురించి చెప్పదలిచాను. మొక్కు లేదు, పెళ్ళి లేదు. ఒకే ఒక్క రోజు. ఊరు తెలిసిన మనిషిని వెంటపెట్టుకుని, గోదావరి డెల్టాలో నీరు పోయే దారినే పోవటం.

మేం నలుగురం. ఒకే వీధివాళ్ళం. సంక్రాంతి హడావుడి తగ్గాక హైదరాబాదులో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి రాజమండ్రిలో దిగాం. రాత్రికి నర్సాపురంలో మళ్ళీ రైలు. మధ్యలో పగలంతా మాది. "ఒక్క పగట్లో ఏం చూస్తారు?" అన్నారు మా వారు. నిజమే, అంతా చూడలేం. అందుకే దారి చూపే మనిషి కావాలి.

బేరం కుదుర్చుకునేటప్పుడు మొదట మాట్లాడినతను పదకొండు చోట్ల పేర్లు గడగడా చదివాడు. ఒక్కో చోట పావుగంట. రెండో ఆయన లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన నాలుగైదు చోట్లే చెప్పారు. "అంతేనా బాబాయిగారూ?" అంటే, "ఆయ్! సూపించడం ఎంతసేపండీ? సూడ్డానికే టైము కావాలమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన్నే ఖాయం చేశాం. కారుకీ, ఆయనకీ కలిపి మనిషికి ఒక మామూలు పట్టుచీర ఖరీదులో నాలుగోవంతు కూడా పడలేదు.

మొదట ధవళేశ్వరం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసే నది ఇక్కడికొచ్చేసరికి గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతుంది. ఆ రెంటి నడుమ ఉన్నదే కోనసీమ. డెల్టా అంటే ఏమిటో బాబాయిగారు చేతిలో విసనకర్రతో చెప్పారు. పిడి ధవళేశ్వరం, అంచు సముద్రం. నది తెచ్చిన ఒండ్రుమట్టి వేల ఏళ్ళుగా పేరుకుని పేరుకుని ఈ విసనకర్ర తయారైందట.

అయితే మట్టి ఉన్నంత మాత్రాన పంట పండదు కదా. 1830లలో ఈ ప్రాంతంలో కరువొచ్చింది. పక్కనే నది నిండుగా పోతున్నా తిండిలేక జనం పోయారు. ఆ తర్వాత 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట కట్టించారు. ఆయన పేరు మనకందరికీ తెలుసు. ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్నగారి పేరు కొందరికి తెలుసు. రాళ్ళు మోసిన వేలాది ఆడా మగా కూలీల పేర్లు ఎవరికీ తెలియవు. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజి. దానికీ కాటన్ పేరే పెట్టారు.

బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులుంటే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మనం రేడియోలో వినే ప్రమాద హెచ్చరికలు ఇవే. 1986 ఆగస్టు వరదకు 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందన్నారు. క్యూసెక్కంటే సెకనుకు సుమారు 28 లీటర్లు, అంటే మన ఇంటి బిందెలు రెండు. సెకనుకు 70 లక్షల బిందెలు! మా నలుగురికీ కాసేపు మాట రాలేదు.

అక్కణ్ణుంచి ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు. సినిమాల్లో చూసే ఉంటారు. కొబ్బరిచెట్లు, కాలువ, పాత లాకు తలుపులు, బొమ్మ గీసినట్టుంటుంది. అందరూ ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. బాబాయిగారు మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి లాకు ఎందుకో చెప్పారు. కాలువలు పొలాలకే కాదు, పూర్వం పడవలకు కూడా దారులు. ఎగువ నీరు ఎత్తు, దిగువ నీరు పల్లం. పడవను మధ్య గదిలోకి తెచ్చి రెండు తలుపులూ మూసి, నీరు నింపో తీసో మెట్టు దింపినట్టు దింపేవారు. ఇక్కడ పెద్దకాలువ చిన్న కాలువలుగా విడిపోతుంది. ఎవరికి ఎంత నీరు వదలాలో లెక్క ఉంటుంది. "పైవాడు ఎక్కువ తాగితే కిందివాడికి ఎండిపోద్దమ్మా. నలుగురు పిల్లలకి అన్నం వడ్డించినట్టే" అన్నారాయన. అది మనకు వేరే చెప్పాలా?

రావులపాలెం దాటి అంబాజీపేట వైపు వెళ్ళాం. దాళ్వా నాట్లు పడి పొలాలు లేతపచ్చగా ఉన్నాయి. కారు ఒక వంతెన మీద ఆపించి, కింద గుర్రపుడెక్కతో నిండిన కాలువను చూపించారు. అది కౌశిక. పురాణాల్లో సప్తగోదావరుల్లో ఒక పాయ పేరు. సంక్రాంతి కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలను భుజాల మీద మోస్తూ దాటించేది ఈ కౌశికనే. మిగతా రోజుల్లో అది పొలాల మురుగునీటిని సముద్రానికి చేర్చే డ్రెయిను.

ఆయన ఇక్కడ చెప్పిన సంగతి నాకు మనసులో నాటుకుపోయింది. డెల్టాకు వచ్చే నీరు ఎంత ముఖ్యమో, పోయే నీరూ అంత ముఖ్యం. కాలువ ఇస్తుంది, డ్రెయిను తీసుకుపోతుంది. మన వంటింట్లో కుళాయి బాగానే ఉంది, తూము పూడుకుపోయిందనుకోండి, ఏమవుతుంది? ఇల్లంతా చెరువే. ఇక్కడా అంతే. డ్రెయిన్లు పూడిపోతే నాలుగు చినుకులకే వరి నీట మునుగుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వెయ్యమంటూ పంటవిరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవటం, ఖర్చులు పెరగటంతోపాటు ఈ మురుగు బాధ కూడా దానికొక కారణం. నీళ్ళున్న చోట, బంగారంలాంటి నేలలో, రైతు నాగలి పక్కన పెట్టాడంటే ఎంత విసిగిపోయి ఉండాలి! రోడ్డు మీంచి చూస్తే మాత్రం అంతా పచ్చగానే కనిపిస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే పి. గన్నవరం. మా రోజంతటికీ అదే మణిపూస. కింద వైనతేయ నది, పైన కాలువ! 1850లలో నది మీద 49 ఆర్చీలతో వంతెన కట్టి, దాని మీద కాలువను పారించి అవతలి లంకకు నీళ్ళు తీసుకెళ్ళారు. మనుషులు నది దాటటం చూశాం గాని, నీళ్ళు నది దాటటం ఎక్కడైనా చూశామా? ఇప్పుడు పక్కనే కట్టిన కొత్త అక్విడక్టులో నీరు పారుతోంది. దాని పేరు డొక్కా సీతమ్మగారి పేరు.

ఒక గృహిణి పేరు ఇంత పెద్ద కట్టడానికి పెట్టటం మామూలు సంగతా? సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో కాపురం. అప్పుడు అన్ని రేవుల దగ్గరా వంతెనలు లేవు. రేవు దాటాలంటే పడవ కోసం గంటలు గంటలు కాచుకోవాలి. వరదొస్తే రోజులు. అలా చిక్కుపడిపోయినవాళ్ళకు, వేళ అనక, కులం అడగక, ఆమె అన్నం పెట్టారు. జీవితమంతా పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టారు. ఊళ్ళు నదులతో విడిపోయిన చోట ఒక వంటిల్లు మనుషుల్ని కలిపింది. పొయ్యి దగ్గర చేసే పని ఎంత దూరం వెళుతుందో చూశారా!

మధ్యాహ్నం రాజోలు దాటాక, సఖినేటిపల్లి దగ్గర బాబాయిగారికి తెలిసినవారింట్లో భోజనం. హోటలు వద్దని మేమే అడిగాం. రుచి కోసమే కాదు, ఆడవాళ్ళకు కాస్త మొహం కడుక్కుని, నడుం వాల్చటానికి ఒక ఇల్లుండాలి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కొబ్బరిపచ్చడి, గడ్డపెరుగు. ఆ ఇల్లాలు వడ్డిస్తూ ఒక మాట అంది. "మాది కాలవ శివారండి. బోరేస్తే ఉప్పునీరే. ఏసంకాలం కాలవలు కట్టేసేలోపు మంచినీళ్ళ చెరువు నిండాలండి. నిండలేదా, ఇంక బిందె పట్టుకుని తిరగడవే."

పొద్దున ధవళేశ్వరంలో 70 లక్షల బిందెలు లెక్కపెట్టిన మేం, మధ్యాహ్నానికి ఒక్క బిందె లెక్కకు వచ్చాం. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. అది పేపర్లో రెండు వాక్యాల వార్త. శివారు ఊరి ఆడవాళ్ళకు అది రెండు నెలల బెంగ.

సాయంత్రం అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరకు వెళ్ళాం. విసనకర్ర అంచుకు వచ్చామన్నమాట. అక్కడ బాబాయిగారు తలలు లేని కొబ్బరి మోళ్ళను చూపించారు. సముద్రం ముందుకొస్తోంది. ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవటంతో నది తెచ్చే మట్టి తగ్గింది. కొత్త మట్టి రాకపోతే అంచు చిరుగుతుంది. నదిలో నీరు తక్కువైనప్పుడు పోటుకు ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నుతుంది. కరువు తీర్చాలని కట్టుకున్నదే, అంచున ఉన్నవాళ్ళకు ఇంకో కష్టం తెచ్చింది. ఎవర్ని తప్పుపట్టాలన్నది కాదు, పిడి దగ్గర ఏం చేసినా అంచు దాకా తెలుస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

పంటు మీద వశిష్ఠ దాటి నర్సాపురం చేరాం. రైలుకు ఇంకా రెండు గంటలుంది. ఒక వీధి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన విద్య ఇది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక్కడి లేసు అల్లే స్త్రీల మీద 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఒక పుస్తకమే రాశారు. ఇంటిపట్టున కూర్చుని చేస్తారు గనక దాన్ని పని అనరు, తీరికవేళ కాలక్షేపం అంటారని, అందుకే కూలి అంత తక్కువని ఆమె చూపించారు. నీటికి క్యూసెక్కుల లెక్క ఉంది గాని, ఆ వేళ్ళ పనికి లెక్క లేదు. మేం కొన్న లేసుకు బేరమాడలేదు.

మీరు వెళ్ళదలిస్తే నాలుగు మాటలు. మనిషిని కుదుర్చుకునేటప్పుడు ఎన్ని చోట్లు చూపిస్తారని కాదు, ఏ ఊరివారు, ఏం పని చేశారు అని అడగండి. కారు, మనిషి, భోజనం ఖర్చు ముందే వేరువేరుగా మాట్లాడుకోండి. కొట్లకు తీసుకెళితే కొనాల్సిన పని లేదని మొదటే చెప్పండి. పడవ ఎక్కేటట్టయితే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఇచ్చి, కట్టుకున్నాకే ఎక్కండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో మరచిపోకూడదు. వరదల రోజుల్లో అసలు వెళ్ళవద్దు. మీకు కృష్ణాతీరం దగ్గరైతే విజయవాడ బ్యారేజి దగ్గర బయలుదేరి హంసలదీవి దాకా వెళ్ళండి. అదీ డెల్టాయే, అక్కడా తల ఉంది, శివారు ఉంది.

ఇంట్లోవాళ్ళు ఒక్క రోజు మీరు లేకుండా గడుపుకోగలరు. అన్నం వండిపెట్టి వెళ్ళినా సరే, వండుకోమని చెప్పి వెళ్ళినా సరే. మనం రోజూ కడిగే బియ్యం వెనక లాకు తిప్పిన చెయ్యి ఉంది, డ్రెయినులో గుర్రపుడెక్క తీసిన చెయ్యి ఉంది, బిందెతో చెరువు గట్టున నిలబడ్డ చెయ్యి ఉంది. వాటిని ఒక్కసారి దగ్గరగా చూసిన ఇల్లాలు కుళాయిని అనవసరంగా వదిలెయ్యలేదు, పళ్ళెంలో మెతుకు విడవలేదు. అంతకంటే పుణ్యయాత్ర ఏముంటుంది?