పొదుగువాపు, మొండి సూక్ష్మజీవులు, చక్కెర గుళికలు

(సంఘ మాసిక సమావేశమున, హోసూరునందు, ఒక విశ్రాంత పశువైద్యులు చేసిన ప్రసంగ పాఠము)



మన తెలుగు కుటుంబములు ఈ సీమకు వచ్చి ఎన్ని తరములైనదో లెక్క చెప్పజాలము గాని, పాడి లేని ఇల్లు మనవారిలో ఒకప్పుడు అరుదు. 1824లో స్థాపింపబడిన హోసూరు పశుక్షేత్రము మన కన్నులయెదుటనే ఉన్నది. అట్టివారికి పశువులను గూర్చి నేను కొత్తగా చెప్పవలసినది లేదు. ఐనను కార్యదర్శిగారు అడిగిన ప్రశ్న కొత్తది. "పశువులకు యాంటీబయాటిక్ మందులు విచ్చలవిడిగా వాడరాదనుచున్నారు గదా, వానికి బదులు హోమియోపతి గుళికలు వేసిన సరిపోవునా?" అని. వాడరాదనుట నిజము. గుళికలు సరిపోవుననుట నిజము కాదు. నా సమాధానమింతే. కాని యింతే చెప్పి కూర్చుండుటకు వీలులేని కారణమొకటి కలదు. అది పిమ్మట మనవి చేసెదను.

మొదట నా తప్పు నొప్పుకొనవలయును. ఉద్యోగమున చేరిన కొత్తలో, పొదుగు కొంచెము గట్టిపడిన ఆవును తోలుకొనివచ్చినను, ఒళ్ళు వెచ్చబడిన దూడను తెచ్చినను, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిసిన సూది ఒకటి వేసి పంపెడివాడను. సూది వేయనిదే రైతునకు తృప్తి లేదు. రైతునకు తృప్తి లేనిదే నాకు పేరు లేదు. మరునాటి సూదికి చాలమంది వచ్చెడివారు కారు. నేనును కబురు పెట్టలేదు. 1928లో పెన్సిలిన్‌ను కనుగొనిన ఫ్లెమింగు మహాశయుడు 1945లో తన నోబెల్ ఉపన్యాసముననే, చాలీచాలని మోతాదు వలన సూక్ష్మజీవులు చావక మందునకు ఓర్చుకొన నేర్చునని హెచ్చరించెను. ఆ సంగతి కళాశాలలో చదివియే వచ్చితిని. చదివినది వేరు, కొట్టము ముందర చేసినది వేరు.

మందు తగిలినపుడు దానికి లొంగు సూక్ష్మజీవులు చచ్చును. లొంగనివి కొన్ని మిగిలి, చోటంతయు తమదే యైనట్లు పెరుగును. అంతటితో పోదు. ఆ మొండితనమును కలిగించు జన్యువును ఒక జాతి సూక్ష్మజీవి మరియొక జాతికి అందీయగలదు. పేడ, పాలు, పాలు పితుకు చేయి, ఇవన్నియు దానికి దారులే. కొలిస్టిన్ అను మందు కలదు. మనుష్యులకు మరే మందును పనిచేయనపుడు వైద్యులు వాడు ఆఖరి మందులలో అది యొకటి. దానికి లొంగనీయని జన్యువును 2015లో చీనా శాస్త్రజ్ఞులు పందులలోను, అంగడి మాంసములోను, ఆస్పత్రి రోగులలోను కనుగొని ప్రకటించిరి. మన దేశమున కోళ్ళ మేతలో దానిని కలుపుచుండిరి. 2019లో భారత ప్రభుత్వము ఆహారమునకై పెంచు జంతువులకు దానిని నిషేధించినది. ఆ యొక్క సంవత్సరముననే ఇట్టి మొండి సూక్ష్మజీవుల వలన లోకమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని లాన్సెట్ పత్రిక 2022లో ప్రకటించిన అంచనా. ఇదంతయు పశువుల నెత్తిన వేయరాదు. మన ఆస్పత్రులకును, చీటీ లేకయే మందు లమ్ము అంగళ్ళకును ఇందు పెద్ద వాటా కలదు.

ఇక గుళికల సంగతి. ఇది మన ఊరి ముచ్చట మాత్రమే కాదు. ఐరోపా సమాఖ్యవారి సేంద్రియ వ్యవసాయ నిబంధనలు కూడ, ఆ జంతువునకు ఆ రోగమున గుణమిచ్చునట్లయిన, మూలికలను, హోమియో మందులను ముందుగా వాడవలెనని చెప్పుచున్నవి. గుణమిచ్చునా యనుటయే చిక్కు. ముప్పది సంఖ్య గల మందనగా, మూలపదార్థమును నూటికొక వంతు చొప్పున ముప్పది మారులు పలుచన చేసినది. పండ్రెండవ మారు దాటునప్పటికే ఆ పదార్థపు అణువొక్కటియైనను మిగులుట దుర్లభము.

పరీక్షలు జరుగలేదా యందురేని, జరిగినవి. 1981 నుండి 2014 వరకు పశువులపైన, పందులపైన, కోళ్ళపైన జరిగిన 52 ప్రయోగములను ఇరువురు పరిశోధకులు సమీక్షించి 2016లో ప్రకటించిరి. 28 హోమియోపతికి అనుకూలము, 22లో గుణము కానరాలేదు. అనుకూలములలో నెదర్లాండ్సున పందిపిల్లల విరేచనములపై 2010లో ప్రకటితమైనది చెప్పుకోదగినదే. కాని ఏ ప్రయోగమును అదే తీరున రెండవమారు చేసి సరిచూచినవారు లేరు. పొదుగువాపు విషయమున నార్వేలో 57 ఆవులపై జరిపి 2004లో ప్రకటించిన పరిశోధనలో, హోమియో మందునకును వట్టి మందునకును చెప్పదగిన భేదము కానరాలేదు.

మరి మా ఆవునకు తగ్గినదే యందురు. తగ్గును. తేలికపాటి పొదుగువాపు పెక్కు ఆవులలో దేహబలముననే నయమగును. ఆ నాడు గుళిక వేసినచో పేరు గుళికకు పోవును. నా సూదికి ఆ కాలమున వచ్చిన పేరులో సగము ఇట్టిదే యని ఇప్పుడు తెలియుచున్నది. (కలబంద, పసుపు, సున్నము నూరి పూయు వైద్యమును జాతీయ పాడి అభివృద్ధి సంస్థవారు ప్రచారము చేయుచున్నారు. దానిని హోమియోపతి యని పొరబడకుడు; అందు పదార్థము కలదు, పరీక్షింపదగినది.)

ఇప్పుడు ఇందాక మనవి చేసెదనన్న కారణము. కొన్నేండ్ల క్రిందట ఇట్టి సభలోనే, ఊరక సూదులు వేయింపవద్దని గట్టిగా చెప్పితిని. తరువాత కొన్ని నెలలకు మనవారి యింటినుండి పిలుపు వచ్చినది. తొలిచూలు ఆవు, ఈని వారము కాలేదు. చెవులు చల్లబడి, కన్నులు గుంటలు పడి, లేవలేక పడియున్నది. పొదుగు పిండగా పాలకు బదులు పచ్చని నీరు వచ్చినది. మూడు దినములు గుళికలు వేసిరట. నేను చేయవలసినదంతయు చేసితిని, సాయంకాలమునకు పోయినది. ఆ యింటి పెద్దమ్మ నన్ను నిష్ఠురమాడలేదు. "మీరే గదా సారూ, సూది వద్దంటిరి" అని మాత్రము అనినది. వద్దనుట చెప్పితిని గాని, ఎప్పుడు తప్పదో ఆనాడు చెప్పనైతిని.

కనుక ఈనాడు చెప్పుచున్నాను. ఆవు మేత మానినను, ఒళ్ళు కాలినను, చెవులు చల్లబడినను, పాలు నీరైనను, నిలువలేకపోయినను, గంట యైనను ఆలసింపక పశువైద్యుని పిలువుడు. గొంతువాపు, జబ్బవాపు సోకినపుడును అంతే. వానికి ముందుగా టీకా వేయించుట మేలు. వైద్యుడు ఎన్ని దినములు సూది వేయుమనిన అన్ని దినములును వేయింపవలయును. పాలలో ముక్కలు మాత్రము కనబడి ఆవు హుషారుగా నుండిన, ముందు పాలను పరీక్ష చేయింపుడు. సూది అక్కరలేదని వైద్యుడనినచో ఆయనను చేతకానివానిగా చూడకుడు. పాలు పితికిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణములో ముంచి, అరగంట పండుకొననీయక మేత వేయుడు. వాపు రాకుండిన సూదియు లేదు, గుళికయు లేదు.

సూది వేసిన పిమ్మట ఎన్ని దినములు పాలు పోయరాదో సీసాపై ఇంగ్లీషున సన్నని అక్షరములలో ఉండును. మన యిండ్లలో పాలు పితుకు స్త్రీలు పలువురు దానిని చదువలేరు. తెలుగు మాటలాడుదురు గాని తెలుగక్షరములును రానివారు కలరు. మందుల పేర్లు, పాలు నిలుపవలసిన దినములు ఒక కాగితమున వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చెదను. వారు ఈ పత్రికలో అచ్చువేయుదుమనిరి. అది వచ్చిన దినమున, చదువనేర్చినవారు కొట్టములో నిలిచి బిగ్గరగా చదివి వినిపింపుడు.